కృష్ణాముఖమున మడ అడవి – పలనాటి బాధ్యత

(నరసరావుపేట సభలో చేసిన ఉపన్యాసము)



పలనాటికి సముద్రము లేదు. ఇచ్చటి నేల నాపరాతి నేల. ఇచ్చటి అడవి వానకై ముఖము వాచిన అడవి. అట్టి చోట నిలిచి కడలియొడ్డునగల యొక అభయారణ్యమును గూర్చి ప్రసంగింపబూనుట మీకు వింతగా తోపవచ్చును. కాని మాచెర్ల చెంత పారు చంద్రవంకను, కారెంపూడి నానుకొని పారు నాగులేటిని ఒక్కసారి తలచుకొనుడు. ఆ రెండేరులును కృష్ణలో కలియును. కృష్ణ దివిసీమను ఇరుపాయలతో చుట్టి సముద్రమును చేరును. మన వాగుల నీరు తుదకు ఏ నేలను తాకుచున్నదో, ఆ నేలపైననే కృష్ణా అభయారణ్యము కలదు. కావున నేను పరాయిదేశపు ముచ్చట చెప్పుట లేదు. మన నీరు పోయి చేరిన యింటి ముచ్చట చెప్పుచున్నాను.

ఈ అభయారణ్యము 1989వ సంవత్సరమున ఏర్పడినది. దీని వైశాల్యము సుమారు 194 చదరపు కిలోమీటర్లు. సొర్లగొంది, నాచుగుంట, యెలిచెట్లదిబ్బ, అడవులదీవి, లంకెవానిదిబ్బ మున్నగు మడ అడవులు ఇందు చేరియున్నవి. మడ అడవి మన మెరిగిన అడవుల వంటిది కాదు. నల్లమల చెట్టు వానకై ఎదురుచూచును. మడచెట్టు దినమునకు రెండు మారులు వచ్చు పోటునకై ఎదురుచూచును. తెల్లమడ, నల్లమడ చెట్లు ఊపిరికై తమ వేళ్ళను బురదలోనుండి పైకి నిలుపును. ఉప్పుపొన్న గింజ తల్లిచెట్టుననే మొలకెత్తి, పిదప రాలి బురదలో గ్రుచ్చుకొనును. రొయ్యపిల్లలును, పీతలును, చేపపిల్లలును ఈ వేళ్ళ మరుగున పెరిగి సముద్రమున కేగును. బావురుపిల్లి, నీటికుక్క వంటి జంతువులకు ఇదియే నెలవు. వెలుపలి ఇసుకదిబ్బలపై సముద్రపు తాబేళ్ళు ప్రతి సంవత్సరము వచ్చి గ్రుడ్లు పెట్టిపోవును. తీరమున జాలరి వలలో పడు చేపలో ఈ అడవి పాలు తక్కువది కాదు.

1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనను ఆంధ్రు డెవ్వడును మరువజాలడు. పది వేలకు పైగా ప్రాణములు ఒక్క దినమున పోయినవి. సొర్లగొంది వంటి తీరగ్రామములు శ్మశానములైనవి. అట్టి ఉప్పెనను ఏ అడవియు పూర్తిగా ఆపజాలదు. అయినను దట్టమైన మడ అడవి అలతాకిడిని తగ్గించుననియు, ఒడ్డు కోతపడకుండ మట్టిని పట్టి నిలుపుననియు ఎవ్వరును కాదనరు. ఈ అడవిని కాపాడుట పిట్టలపైని జాలిచే చేయు పని మాత్రమే కాదు. తీరమందలి మనుష్యుల ప్రాణములు గూడ దీనితో ముడిపడి యున్నవి.

ఇట్టి అడవి ఎట్లు క్షీణించినది? బీదవాడు పుల్ల విరిచెననియు, వాని పశువు మేసెననియు చెప్పుట సులభము. కాని జరిగినది వేరు. పూర్వము అటవీపద్ధతి ననుసరించి మడ అడవిని భాగములుగా విభజించి, వంతులవారీగా ఒక్కొక్క భాగమును నేలమట్టముగా నరికి కట్టెలు తీయుచుండిరి. నీడ పోయిన నేల ఎండి కుంగెను. కుంగిన పల్లమున పోటునీరు నిలిచి, మరలిపోవు దారి లేక ఎండకు ఆవిరియై, ఉప్పును మాత్రము మిగిల్చెను. ఆ ఉప్పునేలలో విత్తనము మొలవలేదు. ఇది శాస్త్రజ్ఞులు పరిశీలించి తేల్చిన విషయము. రోగము తెలిసిన పిదప మందును దొరకినది. 1990వ దశకపు చివరి భాగమునుండి ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారును, అటవీశాఖవారును, తీరగ్రామముల వారును కూడి, చేప వెన్నెముకవలె నడుమ నొక పెద్దకాలువయు, ఇరువైపుల ఏటవాలుగా పిల్లకాలువలును త్రవ్విరి. పోటు లోనికి వచ్చి తిరిగి పోసాగెను. ఉప్పు కడుగుకొనిపోయెను. పాడువడిన నేలపై మరల మడమొక్కలు నాటుకొనెను. ఆ పారలు పట్టిన చేతులు ఎవరివి? ఏ ప్రజలను అడవికి శత్రువులని తలచిరో, ఆ ప్రజలవే.

సోదరులారా! ఈ పాఠము పలనాటి వారికి ఒకరు నేర్పవలసినది కాదు. 1921లో ఈ సీమ రైతులు తమ పశువులను అడవిలో మేపుకొనుటకు పుల్లరి చెల్లింపము పొమ్మనిరి. ఆ కష్టములను విచారింప వచ్చిన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు చెరసాల పాలైరి. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వాసి కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. హనుమంతు అడవిని నాశనము చేయగోరి పోరాడలేదు. అడవి చెంత పుట్టి, అడవి నాశ్రయించి బ్రదుకువానిని దొంగగా చూచు పద్ధతిని ఎదిరించి పోరాడెను. ఆ నాటి ప్రభుత్వము పరాయిది. నేటి ప్రభుత్వము మనది. ప్రభుత్వము మనదైనంత మాత్రమున పాత చూపు దానంతట అది పోవునని నమ్మి యుండరాదు.

కృష్ణాముఖమున యానాదులు కలరు. బురదలో చేతితో తడవి చేపను, పీతను పట్టుట వారి తాతలనాటి విద్య. ఏ పాయలో ఏ ఋతువున ఏ ప్రాణి మసలునో వారెరిగినంతగా ఏ గ్రంథము నెరుగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కఠినమైనది. కఠినముగా నుండుట అవసరమే. కాని 2006 నాటి అటవీహక్కుల చట్టము అభయారణ్యములందు సైతము గిరిజనుల హక్కులను గుర్తించినది. నీటి ఉత్పత్తులను పట్టుకొను హక్కును గూడ అందు చేర్చినది. ఈ రెండు చట్టములును ఒకే చేతికి రెండు కన్నులుగా కాక, ఒకే ముఖమునకు రెండు కన్నులుగా నడువవలయును. యానాదిని కాపరిగా నియమించి కూలి యిచ్చుట మంచిదే. కాని ఎక్కడ వేట ఆపవలెనో, ఎప్పుడు ఆపవలెనో నిర్ణయించు సభలో వానికి చోటిచ్చుట అంతకంటె మంచిది.

కాఠిన్యమును చూపవలసిన తావులు వేరే కలవు. తీరము వెంబడి రొయ్యలచెరువుల విస్తరణపై 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీవ్రమైన తీర్పు చెప్పవలసి వచ్చినది. మరయొకటి: తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేట నిషిద్ధము. తాబేళ్ళో, జనవరినుండియే ఒడ్డునకు వచ్చుచున్నవి. నిషేధము మొదలగునప్పటికి ఆ ఋతువు చాలభాగము గడచిపోవుచున్నది. పెద్దవలలో చిక్కి ఊపిరాడక చచ్చిన తాబేళ్ళు ఒడ్డునకు కొట్టుకొనివచ్చుట తీరవాసులకు క్రొత్త దృశ్యము కాదు. చేతివలవానిని అదలించుటకు ముందు ఈ లెక్కను సరిచూడవలదా?

ఇక మన మాటకు వత్తము. మడచెట్టు ఉప్పునీట బ్రదుకుట నేర్చినను, దానికి ఉప్పొక్కటియే చాలదు. నది తెచ్చు మంచినీరును, ఒండ్రుమట్టియు కలిసిననే అది వర్ధిల్లును. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967లో కాలువలకు నీరు వదలిరి. కుడికాలువ మన మెట్టపొలములకు ప్రాణము పోసినది. ఆ ఉపకారమును మరచువాడు కృతఘ్నుడు. కాని కృష్ణపై ఎగువనుండి పులిచింతల వరకు కట్టిన ఆనకట్టలన్నియు నీటితోపాటు ఒండ్రునుగూడ ఆపుచున్నవి. సముద్రమును చేరు ఒండ్రు మునుపటికంటె ఎంతయో తగ్గినది. కొన్ని తావుల కడలి ఒడ్డును తినుచున్నది. వరదయేటి మాట వేరు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పారినది. కాని వరద తీసిన పిదప వేసవిలో నదీముఖము ఎండుచున్నది. నాలుగు దినముల విందు ఏడాది ఆకలిని తీర్చునా?

“రైతు నోటినుండి నీరు తీసి చెట్లకు పోయుమందువా?” అని మీరడుగవచ్చును. అట్లనను. నాగలి పట్టిన కుటుంబములో పుట్టినవాడ నగుటచే వట్టికాలువ చూచిన రైతు గుండె యెట్లుండునో ఎరుగుదును. నే నడుగునది యిది: రాష్ట్రములు నీటివాటాలకై వాదించుకొనునపుడు నదీముఖమునకును ఒక వాటా కలదని ఒప్పుకొనుడు. అది కొలిచి, వేసవియందును తప్పక విడువవలసిన వాటా కావలయును. సముద్రమునకు పోవు నీరెల్ల వృథాయను మాటను మన సభలనుండి తొలగింపుడు. ఇక మన చేతిలోనున్న పని మరియొకటి కలదు. మిర్చికిని ప్రత్తికిని మనము చల్లు పురుగుమందులలో మిగిలినది వానతో వాగులలోనికి, వాగులతో కృష్ణలోనికి దిగుచున్నది. ఆ చల్లుటను తగ్గించుకొనుటకు ఏ ట్రిబ్యునలు తీర్పును అక్కరలేదు.

దివిసీమ జాలరి మన మొగము చూచి యుండడు. మన పొలమును వాడెరుగడు. అయినను మనము విడిచిన నీటిచేతనే వాని వల నిండుటయో, వట్టిపోవుటయో జరుగుచున్నది. నూరేండ్ల క్రిందట ఈ సీమవారు అడవిలో తమ పాలు తమకు కావలెనని ప్రాణములిచ్చిరి. ఆ వీరుల వారసులు కృష్ణానీటిలో దిగువవాని పాలు వానికి దక్కనిత్తురని నమ్మి, సెలవు తీసికొనుచున్నాను.