గీతకు అవతల ఎవరున్నారు?

పట్టాలు అందుకుంటున్న పిల్లలకు అభినందనలు. ఇక అసలు సంగతికి వస్తాను.

కొండచరియలు ఎక్కడ విరిగిపడతాయో పటాలు గీయడమే నా ఉద్యోగం. ఆ పనిమీద నికరాగ్వా వెళ్లాను. 1998 అక్టోబరు 30న మిచ్ తుఫాను కుండపోతకు అక్కడి కసీటా అగ్నిపర్వతం ఒక పక్క విరిగింది. అది పేలలేదు, లావా చిమ్మలేదు. లోపలి వేడినీళ్లకు, ఆవిరికి ఏళ్ల తరబడి నాని మెత్తబడ్డ రాయికి వాన తోడైంది, అంతే. శిఖరం దగ్గర విరిగింది చిన్న ముక్కే. దారిలో మట్టినీ చెట్లనూ కలుపుకుంటూ ఎన్నో రెట్లు పెరిగి కిందికి దిగింది. ఎల్ పోర్వెనీర్, రొలాండో రోడ్రిగెజ్ అనే రెండు ఊళ్లు లేకుండా పోయాయి. 2,000 మందికి పైగా చనిపోయారు. ఆ హోరు విని హెలికాప్టర్లు వస్తున్నాయేమో అనుకున్నామని బతికి బయటపడ్డవాళ్లు చెప్పారు.

ఆ ఊళ్లున్న చోట నిలబడి చూశాను. సైకిలు మీద తిరగదగ్గ నేల. వాలును మాత్రమే చూసి పటానికి రంగులేస్తే దానికి పడేది ముప్పు లేదనే ఆకుపచ్చ రంగే. నా బెంగంతా అక్కడే. కొండ ఎక్కడ విరుగుతుందో వెతుకుతాం, బురద ఎక్కడిదాకా వస్తుందో వదిలేస్తాం. చంపేది ఆ వచ్చే బురద.

బురద ఎంత మేర పరుచుకుంటుందో లెక్కగట్టే సూత్రాన్ని ఆ 1998లోనే అమెరికా భూగర్భ సర్వే శాస్త్రవేత్తలు ప్రచురించారు. బురద పరిమాణం ఎనిమిది రెట్లయితే మునిగే నేల నాలుగు రెట్లు. సూత్రం మంచిదే. కానీ పరిమాణం ఎంతో కంప్యూటరుకు చెప్పాల్సింది మీరు! ఒక్క అంకె కొట్టేసి, బొమ్మ వచ్చేలోగా క్యాంటీన్‌కు టీకి వెళ్లే మహానుభావులను చాలామందినే చూశాను. ముందు వరుసలో నవ్వుతున్నవాళ్లు కూడా ఆ బాపతేనని నా అనుమానం. చిన్నది, మధ్యరకం, పెద్దది, మూడూ వేసి చూడండి నాయనా. కసీటా పెరిగినట్టు పెరిగితే ఏమవుతుందో తెలుస్తుంది.

ఇది ఎక్కడో సముద్రాల అవతలి గొడవ అనుకోకండి. మన దక్కన్ బసాల్టు కూడా గడ్డకట్టిన లావాయే. ఆ బసాల్టు నేలమీదే, 2014 జూలై 30న పుణె జిల్లా మాలిన్‌లో కొండ జారి 150 మందికి పైగా పోయారు. ఇలాంటి ముప్పును చూపేందుకు జాతీయ స్థాయిలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వేసే పటాలు 1:50,000 స్కేలువి. అందులో ఒక్క మిల్లీమీటరంటే నేలమీద యాభై మీటర్లు. ముప్పు హద్దు చూపే మీ పెన్సిల్ గీత మందంలోనే ఒక వరుస ఇళ్లు ఇరుక్కుపోతాయి. గీతకు ఇవతలివాళ్లకు హెచ్చరిక, అవతలివాళ్లకు ధీమా. ఆ ధీమా ఇచ్చే ముందు ఆ గీత వెంబడి ఒకసారి నడిచి రండి. వాగులో పెద్ద బండలు ఎందుకున్నాయో ఊళ్లో ముసలివాళ్లను అడగండి. పటాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేయకుండా పంచాయతీ గోడకు అంటించండి.

సూట్లు బాగున్నాయి. మొదటి జీతంతో మాత్రం మంచి బూట్లు కొనుక్కోండి.