దంపతుల వేసవి యాత్ర – ఖర్చు లెక్క



పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఈ వేసవిలో ఇద్దరం కలిసి ఒక్కసారి విదేశం చూసి వద్దామనుకునే దంపతులు మన సరిహద్దు జిల్లాల్లోనూ ఉన్నారు. కోరిక మంచిదే. అయితే మే నెలలో చేసిన ఖర్చుకు జూన్ నెల జవాబు చెప్పుకోవాలి. బడి ఫీజులు, పుస్తకాలు, తొలకరికి విత్తనాలు, ఎరువులు అన్నీ అప్పుడే మీద పడతాయి. కాబట్టి ముందు జూన్ డబ్బు విడిగా తీసి పెట్టండి. మిగిలినదే యాత్ర డబ్బు. అప్పు చేసి బయలుదేరకండి.

ఉదాహరణకు నేపాల్‌ను తీసుకుందాం. మనకు అక్కడ వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు గాని, ఓటరు గుర్తింపు కార్డు గాని ఉంటే చాలు. ఆధార్ ఒక్కటే నమ్ముకుని బయలుదేరవద్దు. ఖాట్మండు సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉంది కనుక మే నెలలో మన ఊళ్ళంత ఎండ ఉండదు. పశుపతినాథుని ఆలయంలో ప్రధాన పూజలు చేసే భట్టులు కర్ణాటక ప్రాంతం నుంచి వెళ్ళినవారే అంటే మీకు ఆశ్చర్యం కలుగవచ్చు.

ఇక లెక్కకు వద్దాం. నెలకు 4,000 చొప్పున ఏడాది దాచితే 48,000 రూపాయలు. పన్నెండు రోజుల యాత్ర, ఏడు రాత్రుల బస అనుకోండి. రైలు, బస్సు రానుపోను ఇద్దరికీ 14,000. గది రోజుకు 1,500 చొప్పున 10,500. భోజనం, టిఫిను రోజుకు 800 చొప్పున 9,600. అక్కడి వాహనాలు, ప్రవేశ రుసుములు, ఫోను ఖర్చు 5,900. ఇవన్నీ కలిపి 40,000. బంధువులకు తెచ్చే వస్తువులకు 3,000. మిగిలిన 5,000 ముట్టుకోకూడదు. జ్వరం వచ్చినా, బస్సు తప్పిపోయినా అదే ఆదుకుంటుంది. ఈ అంకెలు నమూనా మాత్రమే. మీ ఊరి నుంచి టికెట్టు ధరలు కనుక్కుని మీ లెక్క మీరే వేసుకోండి.

మద్రాసు, విజయవాడ, బల్లార్షా మీదుగా రప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ గోరఖ్‌పూర్ వెళుతుంది. అక్కడి నుంచి సోనౌలి సరిహద్దు సుమారు 90 కిలోమీటర్లు. 2024 నవంబరు నుంచి రైలు రిజర్వేషను 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆ తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.

మన 100 రూపాయలకు నేపాలీ రూపాయలు 160. నేపాలీ ధరను ఎనిమిదితో భాగించి, అయిదుతో హెచ్చవేస్తే మన ధర వస్తుంది. గది 2,400 అంటే మన 1,500 అన్నమాట. బేరమాడేటప్పుడు 'ఐసీయా, ఎన్‌సీయా' అని తప్పక అడగండి. ఐసీ మన రూపాయి, ఎన్‌సీ వారిది. అడగకపోతే నూటికి అరవై అదనంగా చెల్లించే ప్రమాదముంది. మన పెద్ద నోట్ల విషయంలో అక్కడి నియమాలు 2016 తరువాత మారుతూ వచ్చాయి. బయలుదేరే ముందు బ్యాంకులో విచారించండి.

మరొక మాట. మే నెలలో మంచు కొండల మీద తరచు మసక కమ్ముకుని ఉంటుంది. శిఖరాలు చూపించే విమానానికి డబ్బు కట్టేముందు ఆలోచించండి. ముక్తినాథ్ వెళ్ళాలనుకుంటే దానికి వేరే లెక్క వేయాలి. జోమ్‌సోమ్‌లో గాలి ఎక్కువై విమానాలు ఆగిపోతుంటాయి గనుక మరో రెండు రాత్రుల బసకు డబ్బు ఉంచుకోండి. అంత ఎత్తుకు వెళ్ళేముందు వైద్యుని సలహా కూడా అవసరం.

చివరగా, ఈ లెక్క భార్యాభర్తలు ఇద్దరూ కలిసి కూర్చుని రాయండి. ఒకరు రాసి ఒకరు మోసే లెక్కైతే దారి పొడుగునా గొడవే. ప్రతి రాత్రీ ఆనాటి ఖర్చు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. ఇల్లు చేరాక జూన్ డబ్బు పెట్టెలో అలాగే ఉంటే మీ యాత్ర సఫలమైనట్లే.