చిరునామా లేని రోగి



సింగరేణి ఉద్యోగికి మెడికల్ కార్డు ఉంటుంది. భార్యాపిల్లలకూ కంపెనీ ఆసుపత్రి ఉంటుంది. గోదావరిఖనిలో పెరిగిన మనకు ఇదెంత అలవాటంటే, కార్డు లేనివాడూ ఈ ఊరి మనిషేనని తట్టదు. కాజీపేట–బల్లార్షా లైనులో ఏదో రైలెక్కి రామగుండంలో దిగి, పగలు ఖాళీ సీసాలు ఏరుకొని, రాత్రి దొరికిన చోట పడుకునే పదహారేళ్ల పిల్లవాడి గురించే ఈరోజు మాట్లాడతాను.

ఎయిడ్స్ పేరు వాడు విననిది కాదు, పోస్టర్లు చూస్తూనే ఉంటాడు. అదే గోడ మీద అంతకన్నా పెద్ద అక్షరాల్లో 'గుప్తరోగాలకు గ్యారంటీ వైద్యం' అనీ ఉంటుంది. మూత్రంలో మంటో చీమో కనబడితే ఆ ప్రకటన వేసినవాడి లాడ్జి గదికే పోతాడు. అక్కడ ఆధార్ అడగరు, డబ్బులే అడుగుతారు. సిఫిలిస్ పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, కొన్ని వారాలకు దానంతటదే మానుతుంది. లాడ్జి వైద్యుడికి పేరొస్తుంది, రోగం ఒంట్లో ఉండిపోతుంది.

చిత్రమేమిటంటే, ఇలాంటి పిల్లలకు సరిపోయే మందులు సర్కారు దగ్గర ఉన్నాయి. సుఖవ్యాధుల క్లినిక్‌లో చీము కారే జబ్బుకు బూడిదరంగు కిట్టు ఇస్తారు: అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు, ఎదుటే ఒక్కసారి మింగించి పంపొచ్చు. తొలిదశ సిఫిలిస్‌కు 24 లక్షల యూనిట్ల పెన్సిలిన్, ఒకే విడత. మర్నాడు వాడు ఏ ఊళ్లో దిగినా మందు తన పని తాను చేస్తుంది.

హెచ్‌ఐవీ అలా కాదు. ఏఆర్‌టీ మందులు 2004 ఏప్రిల్ నుంచి ఉచితమే, కానీ రోజూ వేసుకోవాలి. తలకింద పెట్టుకున్న సంచి తెల్లారేసరికి మాయమయ్యే చోట ఆ డబ్బా ఎక్కడ దాచుకుంటాడు?

రోగం వీళ్లకు జల్సాల వల్ల వస్తుందనేవాళ్లు మనలోనే ఉన్నారు. నాకా మాట వింటే ఒళ్లు మండుతుంది. దుప్పటి కోసం, పెద్దవాళ్లు కొట్టకుండా ఉండడం కోసం ఒళ్లు అప్పజెప్పాల్సి రావడం జల్సానా? పోక్సో చట్టం ప్రకారం అది వాడి మీద జరిగిన నేరం. అది జరిగిన 72 గంటల్లోపు మందు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్‌ఐవీని చాలావరకు ఆపొచ్చు. అత్యవసర వైద్యానికి ముందు కాగితాలు అడగరాదని 2020 పోక్సో నిబంధనలు స్పష్టంగా చెప్పాయి. ఓపీ చీటీ రాసే కౌంటరుకు ఆ కబురు అందాలి.

మైనరుకు హెచ్‌ఐవీ పరీక్ష చేయాలంటే సంరక్షకుడి సమ్మతి కావాలి. హెచ్‌ఐవీ బారిన పడ్డ కుటుంబాన్ని నెట్టుకొచ్చే పన్నెండేళ్లు నిండిన అన్ననో అక్కనో తోబుట్టువుల చికిత్సకు సంరక్షకులుగా 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకుంది. ఆ అన్నా అక్కా కూడా లేనివాడికి బాలల సంక్షేమ కమిటీయే దిక్కు. ఖాకీ చూస్తేనే పరుగెత్తేవాడు అక్కడిదాకా రావాలంటే ముందు మనల్ని నమ్మాలి.

మూడు షిఫ్టుల ఊరు మనది. పగలు ఓపీ లైనులో నిలబడితే వాడికి ఆ పూట కూడు పోతుంది. స్టేషన్ దగ్గర సెకండ్ షిఫ్టు వేళ తెరిచే ఒక గది, అందులో పరీక్ష, మందులు, డబ్బా దాచుకోను తాళమున్న అరలు చాలు. కంపెనీ సీఎస్‌ఆర్ నిధుల్లోంచి దీన్ని అడగాలని విన్నపం రాశాం. యూనియన్ నాయకులు ముందు వరసలోనే ఉన్నారు, సంతకాల కాగితం వాళ్ల దగ్గరి నుంచే మొదలవుతుంది.