జానపద కళావస్తువుల సేకరణ

పాత వస్తువుల సేకరణ అనగానే మనకు రాజుల ఖడ్గములు, చలువరాతి ప్రతిమలు, విదేశపు పింగాణి పాత్రలు స్ఫురించును. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియమును చూచినవారికి ఇది సహజమే. కాని సామాన్యుల చేతిలో పుట్టి, సామాన్యుల యిండ్లలో అరిగిన వస్తువులకును చరిత్ర కలదు. అట్టివానిని వెదకువారికి కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు మంచి క్షేత్రములు. 2016లో ఈ జిల్లాలు పలు చిన్న జిల్లాలుగా విడిపోయినవి. అయినను, గోదావరికి ఇరువైపుల నున్న ఈ సీమను మేము పాత పేర్లతోనే చెప్పుచున్నాము.

ఈ సీమలో 100 ఏండ్ల నాటి జానపద వస్తువు దొరకుట అరుదు. జనుల అశ్రద్ధయే కారణమని పలువురు తలంతురు. మేము ఊరూర విచారించి తెలిసికొన్న సంగతి వేరు. అరిగిన వస్తువును కొలిమికో, నదికో తిరిగి అప్పగించుట ఇచ్చటి మర్యాద.

ముందుగా ఇత్తడి సంగతి చూతము. ఆదిలాబాదు అడవి సీమలో ఉషేగాం, కేస్లాగూడ మొదలగు గ్రామములందు ఓజులను పనివారు కలరు. గోండుల దేవతామూర్తులు, గంటలు, దీపపు సెమ్మెలు, నగలు వీరి చేతిపని. మట్టితో లోపలి రూపము చేసి, దానిపై తేనెమైనపు దారములను చుట్టి, మరల మట్టి కప్పి కాల్చుదురు. మైనము కరగి పోయిన చోట ఇత్తడి ద్రవము నిండును. వస్తువును వెలికి తీయుటకు మట్టి అచ్చును పగులగొట్టవలెను. కనుక ఒకదానిని పోలిన మరియొకటి ఉండదు. ఈ డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే క్రొత్త వస్తువునకు కావలసిన లోహము తరచుగ పాత ఇత్తడియే. తాత చేసిన గంట మనుమని మూసలో కరగును. ఇది వారికి నష్టముగ తోచదు.

పటముల సంగతి ఇంకను సున్నితమైనది. బట్టపై గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి, ఎఱ్ఱని నేలపై కథను వరుసలుగా చిత్రించిన పొడవైన చుట్ట పటము. వ్రాయువారు నకాషీలు; వారి ఊళ్ళలో నేడు సిద్దిపేట జిల్లాలో నున్న చేర్యాల ప్రసిద్ధము. వ్రాయించుకొనువారు కథకులు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, గౌడులకు గౌడజెట్టివారు గౌడపురాణమును, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును పటము చూపి చెప్పుదురు. ఏ ఊర ఎవరు కథ చెప్పవలెనను హక్కు వంశపారంపర్యము. దానిని మిరాశి యందురు. కాబట్టి పటము ఆ కుటుంబమునకు దైవమును, జీవనాధారమును కూడ. అది చినిగినపుడు క్రొత్తది వ్రాయించి, పాతదానిని పూజించి నదిలో నిమజ్జనము చేయుట ఆచారము.

కరీంనగరు వెండి తీగె పనికి, నిర్మల కొయ్య పనికి ఇట్టి విధి లేదు గాని, కాలము వానిని విడువలేదు. సన్నని వెండి తీగెలను మెలివెట్టి, చేతితో వంచి, చట్రమున పొదిగి అతికిన అత్తరుదానులు, పాన్‌దానులు నవాబుల కాలపు అభిరుచికి గుర్తులు. వెండి ధర పెరిగినప్పుడు అవి తూకమునకు పోయినవి. నిర్మలలో తేలికైన పొనికి కొయ్యతో చేసిన బొమ్మలు పిల్లల చేతిలో విరిగినవి. చెదలు కొన్నింటిని తినినవి.

ఇక ప్రశ్న యేమనగా, నదికి పోవు పటమును మనము అడ్డగించి కొనవచ్చునా? కొనకున్నచో కళాచరిత్ర నశించును. పూజలో నున్నదానిని ధనము చూపి కొన్నచో ఒక కుటుంబపు బ్రదుకుదెరువు పోవును. మా అభిప్రాయమిది: వాడుకలో నున్న వస్తువును ఎన్నడును అడుగరాదు. క్రొత్తది వచ్చిన పిమ్మట పాతదానిని అడుగవచ్చును. వారు సమ్మతించిన యెడల క్రొత్తది చేయించుటకగు వ్యయమునకు తక్కువ కాని మూల్యము ఈయవలెను. అప్పుడు కథకునికి పటము, నకాషీకి పని, మనకు వస్తువు దక్కును. వారు నదికే ఇత్తుమన్నచో, అనుమతితో ఛాయాచిత్రములు తీసి, కథను ధ్వనిముద్రణ చేసికొని సంతసింపవలెను.

వస్తువు చేతికి వచ్చినను దాని మాట రానిచో సేకరణ సగమే. హైమెండార్ఫ్ పండితుడు 1940 దశాబ్దమున ఆదిలాబాదు గోండుల నడుమ నివసించి, ఏ వస్తువు ఏ పండుగలో, ఏ గోత్రమువారి చేత వాడబడునో వ్రాసికొనెను. ఆయన గ్రంథము 1948లో వెలువడినది. మన కాలమున ఆచార్య జయధీర్ తిరుమలరావు ‘ఆద్యకళ’ పేర జానపద, ఆదివాసీ వస్తువులను కూర్చిరి. గుంజాల గ్రామమున ఇండ్లలో నిలిచియున్న గోండి వ్రాతప్రతులు వెలుగు చూచుటయందును ఆయన కృషి కలదు. ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానము దొరకినది. చదువగల పెద్దలు ఆ ఊర ఉండుట వలననే ఆ ప్రతులు మరల పలికినవి.

చట్టమును కూడ మరువరాదు. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము 100 ఏండ్లకు తక్కువ కాని కళావస్తువులు పురావస్తువులు. విలువగల వ్రాతప్రతులకు 75 ఏండ్లు చాలును. వ్యక్తులు వానిని దేశము దాటించరాదు. కొన్ని తరగతులవానిని ప్రభుత్వము వద్ద నమోదు చేయింపవలెను.

శ్రోతలలో పలువురి యిండ్లలో, అటకమీద, దేవుని గూటిలో, పాత పెట్టెలలో ఇట్టి వస్తువొకటి ఉండవచ్చును. దానిని బూడిదతోను చింతపండుతోను తోమి మెఱయింపబోకుడు. ఆ నలుపు కూడ దాని వయస్సునకు సాక్షి. ఇంటి పెద్దలను అడిగి, ఎవరు చేసినది, ఏ ఊరిది, ఏ శుభకార్యమునకు వాడినది అను విషయములను ఒక చీటిపై వ్రాసి, దానితో ఉంచుడు. పెద్దలు ఉండగనే ఈ పని చేయవలెను.