నీళ్ల బిల్లు ఎక్కడ దాక్కున్నది?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి నీళ్ల ఖర్చు, మురుగు ఖర్చు ఎట్లా తగ్గించుకోవాలో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరినారు. పిల్లల చదువుల మీద, ఉద్యోగాల మీద ఇంతసేపు పెద్దలు మాట్లాడిన తరువాత నేను లేచి నల్లాలు, మోరీల సంగతి ఎత్తితే కొందరికి నవ్వు రావచ్చును. కాని పిల్లవాని ఫీజుకు పోయే రూపాయి, నీళ్ల ట్యాంకరుకు పోయే రూపాయి ఒక్క జేబులోనుంచే గదా రావలసింది!

మన పిల్లలు చాలామంది హైదరాబాదులో కాపురాలున్నారు. ముందు వాళ్ల లెక్క చెప్తాను. అక్కడ మీటరు తిరిగిన కొద్దీ బిల్లు వస్తుంది. ఆ నీటి చార్జీ మీద మళ్లీ 35 శాతం మురుగునీటి సెస్సు పడుతుంది. అంటే వంద రూపాయల నీళ్లు ఆదా చేసినవానికి నూటముప్పయి అయిదు మిగులుతుంది. 2021 జనవరిలో అక్కడ ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమనే పథకం వచ్చింది గాని, సొంత ఇళ్లవాళ్లు మీటరు పెట్టించుకుని ఆధార్ జోడించాలె. మీ పిల్లలు ఆ పని చేసుకున్నారో లేదో ఫోన్ చేసినప్పుడు ఒక మాట అడగండి.

మన వరంగల్ లెక్క వేరు. ఇక్కడ చాలా ఇళ్లకు నీళ్ల మీటరు లేదు. నల్లా పన్ను ఇంత అని ఉంటుంది, బిందె పట్టుకున్నా డ్రమ్ము పట్టుకున్నా అంతే. అందుచేత "పొదుపు చేస్తే నాకేమొస్తది?" అని అడిగేవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. జవాబేమంటే, మన అసలు నీళ్ల బిల్లు నల్లా రసీదులో లేదు. అది కరెంటు బిల్లులో, ట్యాంకరు కిరాయిలో, క్యాన్ల లెక్కలో, సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండి కిరాయిలో విడివిడిగా దాక్కుని ఉన్నది.

కరెంటు సంగతి తీసుకోండి. ఒక హార్స్‌పవర్ మోటారు గంటసేపు నడిస్తే దగ్గర దగ్గర ఒక యూనిట్ కాలుతుంది. రోజుకు రెండు గంటలంటే నెలకు 60 యూనిట్లు. 2024 మార్చి నుండి గృహజ్యోతి కింద తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వస్తున్నది. అయితే 210 కాలిస్తే పై పదింటికి మాత్రమే కట్టుడు కాదు, మొత్తం 210కీ బిల్లు కట్టాలె. పైకప్పు మీది ట్యాంకు పొర్లి గోడ తడిసిన ఆ పది నిమిషాలే ఒక్కొక్క ఇంటిని ఈ గీత దాటిస్తున్నవి. ట్యాంకు నిండగానే మోటారు ఆపే బుడగ స్విచ్చు పెట్టించండి. మోటారు అరగంట నడిచినా ట్యాంకు నిండకపోతే ఫుట్‌వాల్వు చూపించండి. అది అరిగి ఉంటే మోటారు ఊరికే తిరుగుతుంది, కరెంటు మాత్రం కాలుతూనే ఉంటుంది.

ఇక కారే నల్లా. సెకనుకు ఒక్క చుక్క పడితే రోజుకు 20 లీటర్లకు తక్కువ కాదు. అంటే ఒక మినరల్ వాటర్ క్యాను! వాషరు మార్పించే ఖర్చు ఎంతని? కంటికి కనబడని కారుడు లెట్రిన్ ఫ్లష్ ట్యాంకులో ఉంటుంది. ఆపాలారా, బిర్యానీలో వేసే రంగు చిటికెడు ఆ ట్యాంకులో వేసి అరగంట ఎవరినీ ఫ్లష్ నొక్కనీయకండి. రంగు కిందికి దిగిందంటే కారుతున్నట్లే. ఆ కారిన నీళ్లు ఎక్కడికి పోతయ్? సెప్టిక్ ట్యాంకులోకే. ఇంకుడు గుంత ఇంకించలేక వెనక్కు తంతుంది. అప్పుడు బండిని పిలవాలె.

వుజూ సంగతి చెప్పక తప్పదు. నల్లా విప్పి పెట్టి వుజూ చేస్తే, నిమిషానికి ఐదు లీటర్ల ధార అనుకున్నా, రెండు నిమిషాలకు పది లీటర్లు. ఐదు పూటలకు యాభై. ఇంట్లో నలుగురుంటే రెండు వందల లీటర్లు. ప్రవక్త (స) ఒక ముద్ నీళ్లతో, అంటే లీటరుకు తక్కువతో, వుజూ చేసేవారని హదీసులలో ఉన్నది. మన నాయనమ్మల కాలంలో ప్రతి ఇంట్లో బద్నా ఉండేది, ఇప్పుడది అటక మీద ఉన్నది. దింపండి.

తాగే నీళ్ల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఆర్వో మిషను ఒక లీటరు మంచినీళ్లిచ్చి రెండు మూడు లీటర్లు పారబోస్తుంది. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆ మిషను అక్కరలేదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునలే అన్నది. కొనేముందు నల్లా నీళ్లు పరీక్ష చేయించండి. మిషను ముందే ఉన్నదా? పారే నీళ్లు బకెట్‌లోకి పట్టి గచ్చు కడగండి, లెట్రిన్‌లో పోయండి.

మురుగు సంగతి. మన దిక్కు ఇళ్లు ఎక్కువ సెప్టిక్ ట్యాంకులవే. నెల నెలా మురుగు బిల్లు లేదని సంతోషపడతాం గాని, అది ఒక్కసారి మీద పడుతుంది. రెండు మూడేళ్లకొకసారి తీయించుకుంటే గట్టిపడకుండా, పైపులు పగలగొట్టే పని లేకుండా పోతుంది. గుడ్డలు, పిల్లల డైపర్లు అందులో వేయవద్దు. యాసిడ్, ఫినాయిల్ డబ్బాలకొద్దీ పోస్తే మలాన్ని కరిగించే క్రిములే చస్తాయి. తక్కువకు వస్తానన్నాడని మనిషిని లోపలికి దింపడం మహాపాపం, 2013 చట్టం ప్రకారం నేరం కూడా. ఆ గ్యాసుకు ప్రాణం పోవడానికి నిమిషాలు చాలు. బండివాణ్ణి ఎక్కడ పోస్తావని కూడా అడగండి. సెప్టిక్ ట్యాంకుల విషయంలో 2016లోనే నియమాలు పెట్టుకున్న నగరం మనది, అమ్మవారిపేటలో శుద్ధి కేంద్రమూ ఉన్నది. చీకట్లో ఏ నాలాలోనో వదిలితే ఆ మురుగు మళ్లీ మన బోర్లలోకే దిగుతుంది.

చివరగా, ఇక్కడ కొందరికి కోపం తెప్పించే మాట. నల్లా పైపుకే మోటారు బిగించి గుంజుడు. గల్లీ మొదట నాలుగిళ్లవాళ్లు మోటారు వేస్తే చివరి ఇంటికి గాలి వస్తుంది. ఆ చివరి ఇంట్లో ఎవరుంటారు? తరచుగా ఒంటరి ముసలమ్మ, లేకపోతే కిరాయికి ఉండే బీడీలు చుట్టే కుటుంబం. ట్యాంకరు డబ్బులు వాళ్లు కడతారు. మనం ఆదా అనుకున్నది వాళ్ల బిల్లులో పడుతున్నది. గుంజే మోటారు పగిలిన పైపులోనుంచి పక్క మోరీ నీళ్లను కూడా గుంజుతుంది. పచ్చకామెర్లు అట్లనే వస్తాయి, మొదటి ఇల్లని చూసి వదలవు. నల్లా నీళ్లు ముందు సంపులోకి వాటంతట అవి పడనిచ్చి, ఆ తరువాత సంపులోనుంచి పైకి ఎక్కించండి. సంపు లేని ఇంట్లో డ్రమ్మైనా పెట్టుకోవచ్చు.

సభ ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. ఒక ప్లంబరును సొసైటీ తరఫున మాట్లాడి, గల్లీకి ఒక్కరోజు చొప్పున ఇంటింటికి తిప్పుదాం. వాషర్లు, బుడగ స్విచ్చులు టోకున తెస్తే చవక పడతాయి. వితంతువుల ఇళ్లకు, పనిలేనివారి ఇళ్లకు ఆ ఖర్చు సొసైటీ నిధి పెట్టుకోవాలె. పైపుకు బిగించిన మోటార్లు తీసేస్తామన్నవారి పేర్లు ముందు రాసుకుందాం. ప్లంబరు మొదట వాళ్ల గల్లీకే వస్తాడు. కాగితం కార్యదర్శి గారి దగ్గర ఉన్నది. భోజనాలకు లేచేముందు రాయించి పోవలెనని మనవి.