జీడిగాడి తోక

వెనక గాలి సౌండ్ వస్తే ఓర్చుకోండి, మా భావనపాడు ఒడ్డున కూర్చుని మాట్లాడుతున్నాను. హైదరాబాద్ నుంచి ఒక తమ్ముడు తన ఫెర్రెట్ ఫొటో పంపించాడు. తోక మీద వెంట్రుకల్లేవు. అది చూసి నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఒక మాట. ఫెర్రెట్ అంటే ముంగిస కాదు. ముంగిసని ఇంట్లో పెంచితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసే.

నేను ఆన్‌సైట్ మీద షార్లెట్‌లో ఉన్నప్పుడు నా రూమ్మేట్‌కి కాలిఫోర్నియాలో జాబొచ్చింది. అక్కడ ఫెర్రెట్లు బ్యాన్. అలా మూడేళ్ల జీడిగాడు నా నెత్తిన పడ్డాడు. రంగు అచ్చం పలాస జీడిపప్పే. వీడియో కాల్‌లో చూసి మా అమ్మ, ‘ఇదేట్రా నాయినా, పందికొక్కుని కొనుక్కున్నావేటి?’ అంది.

డిసెంబర్లో తోక బోడి అవడం మొదలైంది. సీజన్‌కి ఊడుతుందిలే అనుకున్నాను. రిలీజ్ టైమ్, రాత్రీ పగలూ ఆఫీసే. నాలుగు నెలలు వదిలేశాను.

అసలు సంగతి అడ్రినల్ గ్రంథి. అక్కడ షాపుల్లో అమ్మే ఫెర్రెట్లకి చాలావరకు పసితనంలోనే, ఆరు వారాలకే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తారు. బీజాలుంటే ‘ఇక చాలు’ అని మెదడుకి కబురెళ్తుంది. అవి లేవు కాబట్టి మెదడు సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. దాన్ని అడ్రినల్ అందుకుని సెక్స్ హార్మోన్లు తయారుచేస్తుంది, ఏళ్లు గడిచేసరికి గడ్డ కడుతుంది. ఎగ్జిట్ కండిషన్ లేని లూప్ అన్నమాట. కుక్కల కుషింగ్స్‌లా ఇది కార్టిసాల్ గొడవ కాదు.

ఏప్రిల్లో ఒక రాత్రి ట్రేలో ముక్కుతున్నాడు, చుక్క రావట్లేదు. మగవాటికి ఆ హార్మోన్ల వల్ల ప్రోస్టేట్ వాచి మూత్రం దారి మూసుకుపోతుంది. రాత్రికి రాత్రి పరిగెత్తి ట్యూబ్ వేయించాను. అల్ట్రాసౌండ్‌లో కుడివైపు గ్రంథి ఉబ్బి కనిపించింది.

ఎడమదైతే తీయడం తేలిక. కుడిది పెద్ద సిరని అంటుకుని ఉంటుంది. డాక్టర్ రెండు దారులూ చెప్పారు: సర్జరీ, లేదా చర్మం కింద డెస్లోరెలిన్ ఇంప్లాంట్. ఇంప్లాంట్ గడ్డని తీయదు, సిగ్నల్ని ఆపుతుంది. నేను ఇంజనీర్ని కదా, బగ్‌ని తీసేయాల్సిందే అన్నాను. ఇవాళైతే అంత తొందరపడను.

రక్తం బాగా పోయింది. గడ్డలో సగం అలాగే వదిలేయాల్సి వచ్చింది. పాంక్రియాస్‌లో కూడా చిన్న గడ్డలు కనిపించాయట, ఇన్సులిన్ ఎక్కువ చేసేవి. ఇంటికొచ్చిన రెండో రాత్రి జీడిగాడికి నోట్లోంచి చొంగ, వెనక కాళ్లు పడిపోయాయి. షుగర్ డౌన్. చిగుళ్ల మీద తేనె రాసి, చేతులు వణుకుతుంటే కారు తీశాను.

బతికాడు. తర్వాత ఇంప్లాంటే వేయించాం. స్టెరాయిడ్ మందు, నాలుగేసి గంటలకోసారి మాంసం ముద్ద. ‘వాడు తిన్నాడేటి?’ అని అమ్మ రోజూ అడిగేది. పదకొండు నెలలున్నాడు. తోక మీద బొచ్చు మళ్లీ వచ్చింది కూడా.

తమ్ముడూ, ఈ వారమే తీసుకెళ్లు. కుక్కల్నీ పిల్లుల్నీ మాత్రమే చూసే డాక్టరైతే, ఫెర్రెట్లని చూసిన వాళ్లెవరో ఆయన్నే అడుగు. అల్ట్రాసౌండ్ గురించి, ఇంప్లాంట్ దొరుకుతుందా అని అడుగు. మూత్రం ఆగితే మాత్రం తెల్లారేదాకా ఆగకు. ఏమన్నారో నాకు మెసేజ్ పెట్టు.