ఇంటి ఇంధనపు పద్దు



పంట చేతికి వచ్చాక విత్తనానికి యెంత, యెరువుకు యెంత, కూలికి యెంత అని మనం లెక్క చూసుకుంటాం. కాని పొయ్యికీ దీపానికీ యెంత ఖర్చవుతున్నదో పద్దు రాసే యిల్లు అరుదు. ఆ పద్దు యెలా రాయాలో యీ పూట మనవి చేస్తాను. దీన్నే ఇంజనీర్లు ఎనర్జీ ఆడిట్ అంటారు. పేరు పెద్దదే గాని పని చిన్నది. అడిక్‌మెట్‌లో యూనివర్సిటీ పక్క అద్దెగది అయినా, పల్లెలో పెంకుటిల్లయినా లెక్క ఒక్కటే.

ముందు కరెంటు సంగతి. వెయ్యి వాట్ల సామాను ఒక గంట నడిస్తే ఒక యూనిట్. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. దాదాపు అంత వెలుతురే యిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు యూనిటున్నర కూడా కాదు. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లు. 30 వాట్ల కొత్తరకం ఫ్యానుకు 11 లోపే. 2,000 వాట్ల గీజరు రోజూ అరగంట వేస్తే నెలకు 30 యూనిట్లు. తెలంగాణాలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకానికి 200 యూనిట్ల హద్దు పెట్టారు. అటువంటి హద్దు దగ్గర వున్న యింటికి ఒక్క ఫ్యానే లాభనష్టాలు తేలుస్తుంది.

ఒక రాత్రి అన్ని స్విచ్చులూ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా తీసి మీటరు చూడండి. అప్పటికీ అంకె జరుగుతుంటే యెక్కడో కరెంటు కారుతున్నదేమో అని అనుమానించాలి. డబ్బే కాదు, ప్రాణానికీ ముప్పు. వైర్లు మీరు ముట్టుకోక, పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఇక పొయ్యి సంగతి. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడి సుమారు పదోవంతే గిన్నెకు చేరుతుంది. మిగతాది గాలి పాలు, పొగ మాత్రం ఆడవారి కళ్ల పాలు. హైదరాబాదు ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో డాక్టర్ ఎస్.పి. రాజుగారు దీన్ని గురించే శ్రమించి, పొగగొట్టం గల మట్టిపొయ్యిని తయారుచేశారు. 1953లో పొగలేని వంటిళ్లను గురించి పుస్తకం కూడా ప్రకటించారు. ఒకే మంట మీద ఒకటికి మించి గిన్నెలు వుడకడం ఆ పొయ్యి సుగుణం.

మీరు చెయ్యవలసినది యిది. వారానికి సరిపడా కట్టెలు తూచి వేరే పెట్టండి. వారం చివర మిగిలినవి తూచండి. తరువాతి వారం బాగా యెండిన కట్టెలే వాడండి, పప్పు ముందుగా నానవేయండి, గిన్నె మీద మూత వుంచండి, వుడుకు పట్టగానే మంట తగ్గించండి. మళ్లీ తూచండి. తేడా మీకే తెలుస్తుంది. గ్యాసు వాడేవారు సిలిండరు పెట్టిన తేదీ గోడమీద రాసుకుంటే చాలు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. 1980లలో దేశమంతటా మెరుగైన పొయ్యిలు కట్టించారు. చాలా చోట్ల గొట్టం మసి తీసేవారు లేక, బీట వేస్తే మెత్తేవారు లేక అవి మూలపడ్డాయి. పొయ్యి కట్టించి వచ్చేయడం సగం పనే. నెల తరువాత మళ్లీ వెళ్లి, వండే ఆమెను అడిగి, బాగుచేయించడం మిగతా సగం.

డబ్బుతోపాటు యింటి ఆడవారి చూపు, వూపిరి కూడా జమ కట్టితేనే యీ పద్దు పూర్తవుతుంది. యీ వారమే మొదలుపెట్టండి.